‘సర్వర్ స్లోగా ఉంది సార్’

(రిమోట్ సపోర్ట్‌లో కొత్తగా చేరినవారి శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

మన ఉద్యోగంలో రోజు మొదలయ్యేది ఒకే మాటతో. "సర్వర్ స్లోగా ఉంది సార్." ఈ మాటలో ‘సర్వర్’ అన్నది చాలాసార్లు తప్పు. ‘స్లో’ అన్నది ఏమీ చెప్పదు. నమ్మదగ్గది ‘సార్’ ఒక్కటే, అది కూడా మధ్యాహ్నం దాకా సమస్య అలాగే ఉంటే వినపడదు. (నవ్వులు)

నేను చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఒకే రకానివి. ఫోన్ పెట్టీ పెట్టగానే కీబోర్డు మీద చెయ్యి వేయడం. సర్వర్‌లోకి లాగిన్ అవడం, ఏదో ఒక సర్వీస్ రీస్టార్ట్ చేయడం, "ఇప్పుడు చూడండి" అనడం. ఒక్కోసారి బాగైపోతుంది కూడా. అదే ప్రమాదం. ఎందుకు బాగైందో తెలియదు కాబట్టి మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ రీస్టార్టే. ఒక క్లయింట్ దగ్గర ఇలా నాలుగు నెలలు గడిపాను. చివరికి వాళ్లే "రోజూ పొద్దున్న మీరే ఒకసారి ఆపి ఆన్ చేసేయండి, మేం ఫోన్ చేసే పని ఉండదు" అన్నారు. అంత సిగ్గుగా ఎప్పుడూ అనిపించలేదు.

అందుకే ఇప్పుడు మొదటి పది నిమిషాలు ఏమీ ముట్టుకోను. అడుగుతాను. ఏది స్లో? లాగిన్ అవడానికే టైం పడుతోందా? లాగిన్ అయ్యాక టైప్ చేస్తుంటే అక్షరాలు వెనకబడుతున్నాయా? స్క్రీన్ బాగానే కదులుతుంది కానీ ఫైల్ కాపీ అవడం లేదా? అన్నీ బాగానే ఉండి, ఉన్నట్టుండి బిగుసుకుపోయి మళ్లీ కదులుతోందా? ఫిర్యాదు చేసేవాడికి ఈ నాలుగూ ఒకటే స్లో. మనకి మాత్రం నాలుగు వేరు వేరు జబ్బులు. తలనొప్పికీ కాలునొప్పికీ ‘నొప్పి’ అనే మాట ఒకటే అయినట్టు.

తర్వాత, ఎవరికి స్లో? అందరికా, ఒక్కరికా? ఆఫీసులో కూర్చున్నవాళ్లకా, ఇంటి నుంచి చేసేవాళ్లకా? ఎప్పటినుంచి? ఆ ముందురోజు ఏం మారింది? ఈ చివరి ప్రశ్నకు "ఏమీ మారలేదండీ" అన్న జవాబు వస్తుంది. నమ్మకండి. అబద్ధం చెబుతున్నారని కాదు. వాళ్ల దృష్టిలో కొత్త రౌటర్ పెట్టడం మార్పు కాదు, "అది వేరే విషయం". నేను ఇలా అడుగుతాను: "ఈ నెలలో ఎవరైనా కొత్త పెట్టె ఏదైనా తెచ్చి గోడకి బిగించారా?" దానికి మాత్రం జవాబు వస్తుంది.

ఇంకొకటి. వీలైతే స్క్రీన్ షేర్ చేయించుకుని, వాళ్లు రోజూ చేసే పని వాళ్ల చేతే చేయించండి. మీ ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. "చాలా సేపు" అన్నది 42 సెకన్లు అయిందనుకోండి, ఇక అది ఫిర్యాదు కాదు, కొలత. సాయంత్రం మీరు బాగుచేశాక అదే పని మళ్లీ చేయించి కొలవచ్చు.

ఇప్పుడు స్పీడ్ టెస్ట్ గురించి. ఫోన్ చేసే ముందే అందరూ అది చేసేసి ఉంటారు. "మాది 300 ఎంబీపీఎస్ లైను సార్, ఫుల్లు వస్తోంది, కాబట్టి మీ సర్వరే." ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఎన్ని మెగాబిట్లు పోతాయన్నది. నేను ఈ టెస్టుని తిట్టను. కానీ అది కొలిచేది ఒకటి, క్లయింట్ బాధ ఇంకొకటి. అది తనకి దగ్గర్లో ఉన్న మెషీన్‌కి ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరిచి, దారి ఎంత వెడల్పో చూస్తుంది. మీ సర్వర్ ఎంత దూరంలో ఉందో దానికి పట్టదు.

బావి నుంచి నీళ్లు మోయడం ఊహించుకోండి. బిందె పెద్దదైతే ఒక్కో నడకకి నీళ్లు ఎక్కువ వస్తాయి. బావి మాత్రం దగ్గరకు రాదు. బ్యాండ్‌విడ్త్ అంటే బిందె. లేటెన్సీ అంటే బావికి వెళ్లి వచ్చే నడక. డబ్బు పెడితే బిందె పెరుగుతుంది. నడక తగ్గాలంటే ఇల్లు మార్చాలి, లేదా నడకల సంఖ్య తగ్గించాలి.

ఆ నడకకి ప్రకృతి పెట్టిన హద్దు ఉంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ 10,000 కిలోమీటర్ల అవతల ఉంటే పోవడానికి 50 మిల్లీసెకన్లు, రావడానికి 50. మొత్తం 100. ఇది కేబుల్ గీత గీసినట్టు తిన్నగా ఉంటే. నిజంగా కేబుళ్లు అలా పోవు, చుట్టూ తిరుగుతాయి, మధ్యలో రౌటర్లు ఉంటాయి. కాబట్టి అసలు నంబరు ఇంకా పెద్దది. దీన్ని ఏ కంపెనీ ఏ ప్లానుతోనూ తగ్గించలేదు. క్లయింట్‌కి ఇది మొదటి రోజే చెప్పేస్తే మీకు సగం టెన్షన్ పోతుంది.

ఒక కేసు చెప్తాను. వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్. ఇదివరకు డేటాబేస్ ఆఫీసులోనే మూల గదిలో ఉండేది. దాన్ని తీసుకెళ్లి దూరంగా ఒక డేటా సెంటర్‌లో పెట్టారు. ప్రోగ్రాం మాత్రం ఎవరి కంప్యూటర్లో వాళ్లకే ఉండిపోయింది. అంతే, పార్టీల బాకీల స్క్రీన్ తెరవడానికి ముప్పావు నిమిషం. నా దగ్గరకు వచ్చేసరికే లైను స్పీడు రెండింతలు చేయించుకున్నారు. ఒక్క సెకను కూడా తగ్గలేదు, బిల్లు మాత్రం పెరిగింది.

పింగ్, అంటే చిన్న కబురు వెళ్లి వచ్చే సమయం, చూస్తే 80 మిల్లీసెకన్లు. చాలా మామూలు నంబరు, ఎవరికీ అనుమానం రాదు. అప్పుడు వైర్‌షార్క్ (లైనులో పోయే ప్రతి మాటనీ చూపించే పనిముట్టు) పెట్టి ఆ ఒక్క స్క్రీన్ తెరిచాను. అక్కడ బయటపడింది. ప్రోగ్రాం ముందు పార్టీల జాబితా అడుగుతుంది. తర్వాత ఒక్కొక్క పార్టీ పేరు పట్టుకుని "ఇతని బాకీ ఎంత?" అని విడిగా అడుగుతుంది. జవాబు వచ్చేదాకా ఆగి, రెండో పేరు. 500 పార్టీలు, 500 నడకలు. 500ని 80 మిల్లీసెకన్లతో గుణించండి. 40 సెకన్లు. అదే ప్రోగ్రాం పాత రోజుల్లో గదిలో ఉన్న సర్వర్‌తో అర మిల్లీసెకనులో మాట్లాడేది. 500 సార్లు అడిగినా పావు సెకను. అంటే తప్పు మొదటి రోజు నుంచీ ఉంది, దూరం లేదు కాబట్టి కనపడలేదు. కోడ్ రాసేవాళ్లు దీన్ని ఎన్ ప్లస్ వన్ సమస్య అంటారు.

దీనికి మందు రెండే. అన్ని బాకీలూ ఒకే ప్రశ్నలో అడిగేలా కోడ్ మార్చడం. లేదా ప్రోగ్రామ్‌ని కూడా డేటాబేస్ పక్కకే పంపించి, యూజర్లు రిమోట్ డెస్క్‌టాప్‌లో అక్కడి తెరని ఇక్కడ చూస్తూ దాన్ని వాడుకోవడం. మాకు కోడ్ చేతిలో లేదు, రెండోది చేశాం. స్క్రీన్ రెండు సెకన్లలోపు తెరుచుకుంది. లైను స్పీడు మళ్లీ పాత ప్లానుకి తగ్గించుకోమని నేనే చెప్పాను. మా సేల్స్ వాళ్లు నన్ను వారం రోజులు పలకరించలేదు. (నవ్వులు)

వెబ్ అప్లికేషన్ అయినా ఇదే లెక్క. పేరుని అడ్రస్‌గా మార్చడానికి డీఎన్ఎస్‌కి ఒక నడక, డేటా తప్పిపోకుండా చేర్చే టీసీపీ పద్ధతిలో కనెక్షన్‌కి ఒకటి, డేటాని రహస్యంగా ఉంచే టీఎల్ఎస్ 1.2 అయితే భద్రత మాటలకి ఇంకో రెండు. అసలు పేజీ అడగడం ఆ తర్వాతే. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3 ఆ రెండింటిని ఒకటి చేసింది. 200 మిల్లీసెకన్ల దూరంలో ఉన్నవాడికి అది గొప్ప ఉపకారం, పక్క వీధిలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. కర్ల్ అనే చిన్న పనిముట్టు ఈ ఒక్కో దశకీ ఎంత పట్టిందో విడివిడిగా చూపిస్తుంది. నేర్చుకోండి, ఒక సాయంత్రం చాలు.

ఫైల్ కాపీ నెమ్మదిగా ఉందన్న కేసులు కొంచెం వేరు. ఇక్కడ కూడా దూరమే, కానీ ఇంకో దారిలో వచ్చి కొడుతుంది. టీసీపీలో పంపేవాడు కొంత డేటా పంపి, "అందింది" అన్న కబురు కోసం ఆగాలి. ఆ కబురు రాకుండా ఎంత పంపవచ్చన్నదే విండో. పాత లెక్కలో విండో గరిష్ఠంగా 64 కిలోబైట్లు. వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు పడితే సెకనుకి ఐదు విండోలే పోతాయి. ఐదు అరవైనాలుగులు 320 కిలోబైట్లు. ఒక బైట్ అంటే ఎనిమిది బిట్లు కాబట్టి రెండున్నర ఎంబీపీఎస్ పైచిలుకు. లైను 500 ఎంబీపీఎస్ అయినా అంతే. ఈ హద్దు దాటడానికి విండో స్కేలింగ్ అనే ఏర్పాటు 1992లోనే వచ్చింది, ఇప్పుడు ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఉంది. మరి ఇంకా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఒప్పందం కనెక్షన్ మొదలైనప్పుడు మొదటి రెండు ప్యాకెట్లలోనే (డేటా ఇలా చిన్న మూటలుగా పోతుంది) జరగాలి. మధ్యలో కాపలా కాసే ఏ పాత ఫైర్‌వాలో ఆ గుర్తుని చెరిపేస్తే ఇద్దరూ మళ్లీ 64 కిలోబైట్ల కాలానికి వెళ్లిపోతారు. కాపీ సరిగ్గా ఒకే స్పీడు దగ్గర, గీత గీసినట్టు ఆగిపోతుంటే దీన్ని అనుమానించండి. నాలుగు ఫైళ్లు ఒకేసారి కాపీ చేస్తే మొత్తం స్పీడు నాలుగింతలైతే అనుమానం దాదాపు ఖాయం.

ప్యాకెట్లు దారిలో తప్పిపోవడం దానికి తోడు. "ఒక్క శాతమే కదా పోతోంది" అంటారు. ఒక శాతం చిన్నది కాదు. 1997లో మాథిస్ అనే నెట్‌వర్క్ పరిశోధకుడు, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ఉంది. 100 మిల్లీసెకన్ల దూరంలో ఒక శాతం ప్యాకెట్లు పోతే, పాతకాలపు టీసీపీ పద్ధతిలో ఒక్క కనెక్షన్‌కి వచ్చేది ఇంచుమించు 1.2 నుంచి 1.4 ఎంబీపీఎస్. ఎందుకంటే ప్యాకెట్ పోయిన ప్రతిసారీ టీసీపీ "దారిలో రద్దీగా ఉంది కాబోలు" అనుకుని వేగం సగానికి తగ్గించుకుంటుంది. క్యూబిక్, బీబీఆర్ లాంటి కొత్త పద్ధతులు ఇంతకంటే నయం. అయినా ప్యాకెట్లు పోతుంటే ముందు వాటి సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత.

ప్యాకెట్లు ఎక్కడ పోతున్నాయో తెలుసుకోవాలంటే ట్రేస్‌రూట్, ఎంటీఆర్ వాడాలి. దారిలోని ఒక్కో రౌటర్‌నీ అవి ఒక్కో మెట్టుగా చూపిస్తాయి. ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి.

ఎంటీఆర్‌లో ఆరో మెట్టు దగ్గర 60 శాతం లాస్ కనపడింది. నాకు ఎక్కడలేని ఉత్సాహం. స్క్రీన్‌షాట్ తీసి, ఎర్ర గీత గీసి, నెట్ ఇచ్చే సంస్థకి మెయిల్ పెట్టాను, క్లయింట్‌ని కూడా కాపీలో పెట్టి. అరగంటలో అవతలి ఇంజినీరు ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా అడిగాడు: "సార్, ఏడో మెట్టు దగ్గర లాస్ ఎంతుంది?" చూశాను. సున్నా. చివరి మెట్టు దగ్గర? సున్నా. "ఆరో మెట్టు దగ్గర అరవై పోతే, ఏడుకి వందకి వంద ఎలా చేరాయి సార్?" నా దగ్గర మాట లేదు.

విషయం ఏమిటంటే, రౌటర్ అసలు పని ప్యాకెట్లని ముందుకు తోయడం. మనం పంపిన పింగుకి జవాబు రాయడం దానికి తీరిక ఉంటే చేసే పని. చాలా రౌటర్లు ఆ జవాబులకి సెకనుకి ఇన్నే అని లెక్క పెట్టుకుంటాయి. కాబట్టి మధ్య మెట్టులో కనపడే లాస్‌కి విలువ లేదు. ఒక మెట్టులో మొదలై, కింద చివరి వరకూ కొనసాగితేనే అది నిజమైన లాస్. ఇంకొక చిక్కు, వెళ్లే దారి, వచ్చే దారి ఒకటే కానక్కర్లేదు. అందుకని వీలైనప్పుడు సర్వర్ వైపు నుంచి కూడా ఎంటీఆర్ తీయండి. రెండు వైపులా తీయకుండా మెయిల్ పెట్టకండి. పెట్టినా క్లయింట్‌ని కాపీలో పెట్టకండి. (నవ్వులు)

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన జబ్బు. ఇది వస్తే మనుషులకి దెయ్యం పట్టిందనిపిస్తుంది.

ఫిర్యాదు ఇలా ఉంది. రెండు ఆఫీసుల మధ్య రౌటర్ నుంచి రౌటర్‌కి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగానే వేసుకున్న సొంత రహస్య దారి. కొత్త రౌటర్ పెట్టారు. అప్పటినుంచి సర్వర్‌లోకి లాగిన్ అవుతుంది. మెనూ వస్తుంది. చిన్న రికార్డు తెరిస్తే తెరుచుకుంటుంది. పెద్ద జాబితా తెరిస్తే బిగుసుకుపోతుంది. పింగ్ చేస్తే అద్భుతం, ఒక్కటీ పోదు. పింగ్ చూసి నెట్‌వర్క్ వాళ్లు "మా వైపు అంతా బాగుంది" అంటారు. జాబితా రావడం లేదు కాబట్టి యూజర్లు సర్వర్‌ని తిడతారు. సర్వర్ వాళ్లు లాగ్ చూసి "మేం ఎప్పుడో పంపేశాం" అంటారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు!

చిన్నవి చేరుతున్నాయి, పెద్దవి చేరడం లేదు. ఈ మాట ఎక్కడ వినపడినా మీ నోట వెంటనే రావాల్సింది ఎంటీయూ, అంటే దారిలో ఒక ప్యాకెట్‌కి పట్టే గరిష్ఠ సైజు. మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల వరకూ ఉండవచ్చు. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కీ తన కవరు తొడుగుతుంది. కవరు కూడా చోటు తింటుంది కదా, లోపలికి 1500 పట్టదు. అప్పుడు రౌటర్ చేయాల్సింది, "ఇంత పెద్దది పట్టదు, చిన్నది చేసి పంపు" అని పంపినవాడికి ఐసీఎంపీ కబురు పెట్టడం (ఐసీఎంపీ అంటే నెట్‌వర్క్ తన సంగతులు చెప్పుకునే పద్ధతి, పింగ్ కూడా అందులో ఒక రకమే). అయితే ఎవరో సెక్యూరిటీ పేరుతో, పింగ్ ఒక్కటి వదిలి, మిగతా ఐసీఎంపీ మొత్తం బ్లాక్ చేసి ఉంటారు. కబురు అందదు. పంపేవాడు అదే పెద్ద ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటాడు. అదేమో మళ్లీ మళ్లీ మాయమవుతూ ఉంటుంది. మామూలు పింగ్ చిన్న ప్యాకెట్ కాబట్టి హాయిగా వెళ్లొస్తుంది.

పట్టుకోవడం ఇలా. విండోస్‌లో పింగ్ కమాండుకి మైనస్ ఎఫ్ పెడితే "ముక్కలు చేయొద్దు" అని, మైనస్ ఎల్ పెట్టి సైజు ఇవ్వవచ్చు. 1472 ఇచ్చాను. దానికి 28 బైట్ల హెడర్లు (ప్యాకెట్ ముందు రాసే అడ్రస్ వివరాలు) కలిస్తే 1500. జవాబు లేదు, టైమ్ అవుట్. అన్నీ సక్రమంగా ఉంటే "ముక్కలు చేయాలి" అన్న మెసేజ్ రావాలి. అది కూడా రాలేదంటే కబురు మధ్యలో చస్తోందని అర్థం. 1400 ఇచ్చాను, లేదు. 1380 ఇచ్చాను, వచ్చింది! 1390, వచ్చింది. 1395, లేదు. 1392 వచ్చింది, 1393 రాలేదు. అంతే. 1392కి 28 కలిపితే 1420. ఈ దారిలో పట్టే సైజు అది. అందులోంచి ఐపీ, టీసీపీ హెడర్లకి 40 తీసేస్తే 1380. రౌటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్ క్లాంప్, అంటే ఒక ప్యాకెట్లో అసలు డేటాకి హద్దు, 1380కి పెట్టాం. ఒక్క లైను. జాబితా టక్కున తెరుచుకుంది. ఆ ఒక్క లైను రాయడానికి ముందు ఆ ఆఫీసులో తొమ్మిది రోజులు మూడు టీములు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి.

ఎంఎస్ఎస్ సరిచేయడం టీసీపీకే పనికొస్తుందని గుర్తుంచుకోండి. అసలు మందు, ఐసీఎంపీలో ఆ ఒక్క రకం కబురునైనా వదిలిపెట్టడం. ఐసీఎంపీ మొత్తం బ్లాక్ చేయడం సెక్యూరిటీ అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. తలుపుకి తాళం వేయడం వేరు, పోస్టుమాన్‌ని కొట్టి పంపడం వేరు.

లాగిన్ దగ్గరే ఆలస్యం అయ్యే కేసు గురించి ఒక మాట. పాత లినక్స్ సర్వర్. ఎస్ఎస్‌హెచ్ (కమాండ్లతో దూరపు సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) చేస్తే పది సెకన్ల పైన ఏమీ ఉండదు, తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది, లోపలికి వెళ్లాక అంతా చకచకా. కనెక్షన్ మొదట్లో మాత్రమే ఆలస్యం, అదీ ప్రతిసారీ దాదాపు ఒకే సమయం. ఇలా గడియారం పెట్టినట్టు 5, 10, 30 సెకన్లు వస్తుంటే అది స్లో కాదు. ఎవరో ఎవరి కోసమో ఎదురుచూసి, విసుగెత్తి మానుకుంటున్నారు. టైమౌట్ అన్నమాట. నిజంగా నెమ్మదిగా ఉన్న వ్యవస్థ ఒకసారి 7, ఒకసారి 13 చూపిస్తుంది. గుండ్రటి నంబర్లు చూపించదు.

ఆ సర్వర్ తనకి కనెక్ట్ అయిన ప్రతి ఐపీ అడ్రస్‌కీ పేరేమిటని డీఎన్ఎస్‌ని అడుగుతోంది. అడుగుతున్న డీఎన్ఎస్ సర్వర్‌ని ఎప్పుడో తీసేశారు. లినక్స్‌లో మామూలుగా ఒక్కో ప్రయత్నానికి 5 సెకన్లు ఆగుతుంది, రెండు ప్రయత్నాలు. పది సెకన్లు అక్కడే పోయాయి. ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ వాళ్లు 2015లో వచ్చిన 6.8 వెర్షన్ నుంచి ఇలా పేరు అడిగించే ‘యూజ్ డీఎన్ఎస్’ అన్న సెట్టింగ్‌ని డిఫాల్ట్‌గా ఆపేశారు, కానీ పాత సర్వర్లు ఊళ్లేలుతూనే ఉన్నాయి. ఎస్ఎస్‌హెచ్ కమాండుకి మైనస్, పక్కనే మూడు ‘వి’ అక్షరాలు (-vvv) పెట్టి నడపండి, ఏ లైను దగ్గర ఆగి ఊపిరి పీలుస్తోందో కళ్లముందే కనపడుతుంది. సెట్టింగ్ మార్చడంతో సరిపెట్టకండి, చచ్చిపోయిన ఆ డీఎన్ఎస్ అడ్రస్‌ని కూడా తీసేయండి. అది రేపు ఇంకో ప్రోగ్రామ్‌ని కూడా పది సెకన్లు నిలబెడుతుంది.

టైప్ చేస్తే అక్షరాలు వెనకబడటం, అదీ రోజూ ఒకే వేళకి. ఇది చాలావరకూ అప్‌లోడ్ నిండిపోవడం. ఎవరో బ్యాకప్ పెడతారు, లేదా పదిమంది ఫోన్లు ఆఫీసు వైఫైకి తగులుకోగానే ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెడతాయి. రౌటర్‌లో బఫర్ పెద్దదైతే ప్యాకెట్లు పారేయకుండా వరసలో నిలబెడుతుంది. మీరు కొట్టిన ఒక్క అక్షరం ఆ ఫొటోల క్యూలో వెనక నిలబడుతుంది. మామూలుగా 30 మిల్లీసెకన్లు ఉండే పింగ్ 900కి పోవడం నేను చూశాను. లాస్ సున్నా! దీనికి జిమ్ గెటిస్ అనే ఇంజినీరు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. రౌటర్‌లో ఎఫ్‌క్యూ కోడెల్ (క్యూ పెరగకుండా చూసే ఏర్పాటు) లాంటిది ఆన్ చేసి, అప్‌లోడ్‌ని లైను సామర్థ్యంలో 85, 90 శాతం దగ్గర ఆపితే చాలు. కొంచెం స్పీడు వదులుకుంటేనే వేగంగా అనిపిస్తుందని క్లయింట్‌ని ఒప్పించడమే కష్టం, సెట్టింగ్ ఐదు నిమిషాలు.

వైఫై గురించి ఎక్కువ చెప్పను. ముందు కేబుల్ పెట్టి చూడండి. బాగైతే వైఫై. అంతే. పాత స్విచ్చులున్న చోట మాత్రం డ్యూప్లెక్స్ చూడండి. ఫుల్ అంటే రెండు వైపులా ఒకేసారి పంపుకోవడం, హాఫ్ అంటే ఒకరి తర్వాత ఒకరు. ఒక వైపు ఆటో, రెండో వైపు ఎవరో చేత్తో 100 ఫుల్ అని పెట్టి ఉంటే, ఆటో ఉన్నవైపు హాఫ్‌కి పడిపోతుంది. పింగ్ బాగుంటుంది, లోడ్ పడగానే చచ్చుబడుతుంది.

ఇంతసేపూ దారి గురించే చెప్పాను. సర్వర్ తప్పు ఎప్పుడూ ఉండదా? ఎందుకుండదు. తేల్చడం సులువు. యూజర్ చేసే పనినే సర్వర్ మీదే కూర్చుని చేయండి. అక్కడ కూడా 40 సెకన్లయితే నెట్‌వర్క్‌ని వదిలేయండి. అప్పుడు చూడాల్సినవి, మెమరీ చాలక డిస్కు మీద స్వాప్ చేస్తోందా, డిస్కు జవాబుకి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోంది, యాంటీవైరస్ ప్రతి ఫైల్‌నీ నమిలి వదులుతోందా. అద్దె వర్చువల్ మెషీన్ అయితే స్టీల్ టైం చూడండి, అంటే మన సీపీయూ సమయాన్ని ఆ హోస్టు వేరేవాళ్లకి ఇస్తున్న వాటా. చవకరకం మెషీన్లలో ఇంకో తిరకాసు ఉంది. కొన్ని కొంతసేపు పూర్తి వేగంతో నడవడానికి క్రెడిట్లు ఇస్తాయి, అవి అయిపోగానే నడక నెమ్మదిస్తుంది. పొద్దున్న బాగుండి మధ్యాహ్నం నీరసపడే సర్వర్‌ని చూస్తే ముందు ఆ క్రెడిట్ల గ్రాఫ్ తెరవండి.

ఏది మార్చినా ఒకసారికి ఒకటే మార్చండి. కొలిచి, రాసుకుని, అప్పుడు రెండోది. రాత్రి పదకొండింటికి, క్లయింట్ లైన్లో ఉన్నప్పుడు ఇది పాటించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎంటీయూ, డీఎన్ఎస్, డ్రైవర్ మూడూ ఒకేసారి మార్చి బాగైతే, ఆ మూడింటిలో ఏది వెనక్కి తీయవచ్చో మీకెప్పటికీ తెలియదు. ఆ సర్వర్‌ని ముట్టుకోవాలంటేనే భయం వేస్తుంది.

నేను చెప్పదలచుకున్నవి ఇవే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, వీపీఎన్ టీసీపీ మీద నడిపితే స్లో అవుతుందంటారు, నిజమా?

అవుతుంది, ప్యాకెట్లు పోయే లైనులో. బయటి టీసీపీ పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపుతుంటుంది. లోపలి టీసీపీకి ఆ సంగతి తెలియదు, కబురు ఆలస్యమైందని అది కూడా మళ్లీ పంపుతుంది. ఒకే పనికి ఇద్దరు మేనేజర్లు. అందిందా లేదా అని చూడకుండా పంపేసే యూడీపీ మీద నడపండి. యూడీపీని ఫైర్‌వాల్ ఒప్పుకోని చోట మాత్రమే టీసీపీ. రిమోట్ డెస్క్‌టాప్‌కి కూడా 3389 పోర్టులో టీసీపీతోపాటు యూడీపీ తెరిచి ఉందో లేదో చూడండి, వీపీఎన్ లోపలే సుమా. ఆ పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచారంటే స్లో మీ సమస్యల్లో చిన్నదైపోతుంది.

ప్రశ్న: సర్వర్ ఇంకో సంస్థ చేతిలో ఉంటుంది. మాకు యాక్సెస్ ఇవ్వరు. "మా వైపు ఏమీ లేదు" అంటారు. ఏం చేయాలి?

మంచి ప్రశ్న. యాక్సెస్ లేకపోయినా క్లయింట్ కంప్యూటర్లో ప్యాకెట్ క్యాప్చర్ తీయవచ్చు కదా. అందులో రెండు సమయాలు చూడండి. మొదటిది, కనెక్షన్ అడుగుతూ మనం పంపిన సిన్ ప్యాకెట్‌కీ, దానికి వచ్చిన సిన్-యాక్‌కీ మధ్య సమయం. ఆ జవాబు ఇచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్, అప్లికేషన్‌కి దానితో పనిలేదు. కాబట్టి అది దాదాపుగా దారి సమయం. రెండోది, మనం అసలు ప్రశ్న పంపిన క్షణం నుంచి జవాబులో మొదటి బైట్ వచ్చేదాకా. ఇందులోంచి మొదటిది తీసేస్తే మిగిలింది సర్వర్ ఆలోచించిన సమయం. మధ్యలో ప్రాక్సీలాంటి మధ్యవర్తి మెషీన్ ఉంటే మొదటి జవాబు అదే ఇచ్చేస్తుంది, అది ఒక్కటి చూసుకోండి.

మొదటిది 38 మిల్లీసెకన్లు, రెండోది 6,200 వచ్చిందనుకోండి. ఆ రెండు నంబర్లూ, క్యాప్చర్ ఫైలూ, తీసిన సమయం సెకన్లతో సహా మెయిల్‌లో పెట్టి పంపండి. ఎవరినీ ఏమీ అనకండి. "ఈ 6 సెకన్లలో మీ లాగ్‌లో ఏముందో చూడగలరా" అని మాత్రం అడగండి. తర్వాత వాళ్లు మీకు యాక్సెస్ అయినా ఇస్తారు, లేదా రెండు రోజుల్లో అది దానంతటదే బాగైపోయి, "మేమేం ముట్టుకోలేదు" అని జవాబు వస్తుంది. నాకు రెండూ జరిగాయి. రెండోసారి టికెట్ మూసేశాను, ఏమీ అడగలేదు.